రమత్త మోటార్లు తూర్పుకి వెళ్లిన ఏడాది

మా మేనత్త రమాకుమారి పుట్టి పెరిగింది కలకత్తాలోనే. తాతయ్య శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి కార్పొరేషన్‌లో కాలవలు తీసే పనిలో చేరాడు. అత్త మాత్రం పెళ్లికి ముందే వాట్‌గంజ్‌లో ఒక మోటార్ల కార్ఖానాలో కుదిరింది. రాగి తీగను చుట్టలుగా చుట్టి మోటారు లోపలి గాడుల్లో సర్దడం ఆమె పని. తీగ లాగి లాగి వేళ్ల మీద ఎర్రటి చారలు పడేవి. ఆదివారాలు మా తలలు దువ్వి జడలేసిన చేతులు అవే.

యజమాని బిమల్‌బాబు. ఓడల్లోకి సరుకు ఎత్తే యంత్రాలకు మోటార్లు చేసి ఐరోపాకు పంపేవాడు. 2008 చివర్లో ప్రపంచమంతా మాంద్యం కమ్ముకున్నప్పుడు ఆ ఆర్డర్లు ఒక్కొక్కటే రద్దయ్యాయి. తయారైన మోటార్లు చెక్కపెట్టెల్లోనే ఉండిపోయాయి. ఎప్పుడూ గోలగోలగా ఉండే షెడ్డులో ఆ చలికాలం అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవారని అత్త చెబుతుంది.

బిమల్‌బాబు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పడమటివాళ్లు కొనకపోతే తూర్పున కొనేవాళ్లు లేరా అని బంగ్లాదేశ్ వెళ్లాడు. ఢాకా పక్కనున్న నారాయణ్‌గంజ్‌లో బట్టల మిల్లులు అప్పుడు కొత్తగా లేస్తున్నాయి. మోటార్లు అక్కడివాళ్లకు నచ్చాయి. కానీ ఒక మిల్లు మేనేజరు మెలిక పెట్టాడు. తమ దగ్గర కరెంటు నిలకడగా ఉండదు, మోటారు కాలినప్పుడల్లా కలకత్తా పంపలేం, ఎవరైనా వచ్చి తమ మనుషులకు చుట్టడం నేర్పితేనే కొంటామన్నాడు.

కార్ఖానాలో అందరికీ పని నేర్పిన పెద్దమిస్త్రీకి గుండెజబ్బు. మిగతావాళ్లు అప్పటికే వేరే పనులు వెతుక్కుంటున్నారు. బిమల్‌బాబు షెడ్డులో నిలబడి సంగతి చెప్పి, ఎవరు వెళ్తారని అడిగాడు. అత్త లేచి, తాను వెళ్తానంది.

ఏక్‌బాల్‌పూర్‌లో ఇంటికొచ్చి ఆ మాట చెబితే మామయ్య కోదండం కలిపిన అన్నం కంచంలోనే వదిలేశాడు.

"పరాయి దేశం. నీకేటైనా అయితే మా గతేటి?"

"కార్ఖానా మూసేస్తే మాత్రం గతేటి, మావా? నాను చుట్టిన మోటార్లు పెట్టిల్లో పడున్నాయంటే నాకు నిద్ర పట్టట్నేదు."

 మర్నాడు పాస్‌పోర్టు ఫొటో తీయించడానికి మామయ్యే వెంటబెట్టుకుని వెళ్లాడు.

అలా 2009 వేసవిలో అత్త ఢాకా రైలెక్కింది. అంతవరకూ ఆమె ఎక్కిన రైళ్లన్నీ శ్రీకాకుళం వైపే.

మిల్లులో ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల బెంగాలీ యాస వేరు, అత్త యాస వేరు. మొదట్లో ఒకరి మాటకు ఒకరు నవ్వుకునేవారు. నువ్వు బెంగాలీవి కాదా మరి ఎవరివి అని అడిగితే, తెలుగంటే ఎలా ఉంటుందో వినిపించడానికి ఒక జోలపాట పాడింది. ఆ రోజు నుంచి అందరికీ 'రమా ఆపా' అయిపోయింది. ఆపా అంటే వాళ్ల భాషలో అక్క.

వాళ్లలో షాహనాజ్ అనే అమ్మాయి చుట్టిన మొదటి మోటారు, స్విచ్చి వేయగానే పొగ కక్కింది. చూడటానికి వచ్చిన మగవాళ్లు నవ్వారు. ఆమె ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. అత్త వెనకే వెళ్లి మెట్ల మీద ఆమె పక్కన కూర్చుంది.

"నా మొదటిదీ కాలిపోయింది. పద, విప్పి చూద్దాం, తీగ మీది పూత ఎక్కడ గీసుకుపోయిందో" అని బెంగాలీలో అంది.

ఇద్దరూ మాడిన తీగంతా పీకేసి మళ్లీ మొదలుపెట్టారు. కొన్నాళ్లకు అదే మోటారు తుమ్మెదలా సన్నగా పాడుతూ తిరిగింది. షాహనాజ్ అత్త రెండు చేతులూ తీసుకుని తన చెంపలకు ఆనించుకుంది. తిరుగు ప్రయాణానికి ముందు అత్త వాళ్లకు పులస చేప, వాళ్లు ఇలిష్ అనేది, చింతపండు పులుసు పెట్టి వండింది. ఇలిష్‌లో పులుపేమిటని మూతి విరిచినవాళ్లే గిన్నె ఊడ్చేశారు.

ఆ మిల్లు కొంది. దాన్ని చూసి పక్క మిల్లులు కొన్నాయి. తర్వాత సిలోన్ టీ ఫ్యాక్టరీల నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. ఐరోపా కోలుకున్నాక కూడా బిమల్‌బాబు తూర్పువాళ్లను వదల్లేదు. ఆయన పోయాక పిల్లలు స్థలం అమ్మేశారు. అప్పటికి అత్తకూ చూపు తగ్గింది. షెడ్డున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. అటుగా వెళ్లినప్పుడల్లా అత్త నడక నెమ్మదిస్తుంది. పెద్దమిస్త్రీ కూర్చునే చోటు, బిమల్‌బాబు సైకిలు ఆనించే గోడ నాకు చూపిస్తుంది. నాకక్కడ కారు పార్కింగే కనిపిస్తుంది.

షాహనాజ్ నారాయణ్‌గంజ్‌లో సొంతంగా మోటార్ల షాపు పెట్టుకుంది. నేను సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి శనివారాలు అత్త ఇంటికి వెళ్లినప్పుడు, షాహనాజ్‌కు ఫోన్ కలిపి అత్తకు ఇచ్చేది నేనే. బంగ్లాదేశ్‌లో గొడవలప్పుడు ఢాకా రైలు ఆగిపోయి చాలా రోజులైంది. మొన్న మాట్లాడి ఫోన్ పెట్టేశాక అత్త నాతో అంది:

"ఆ బండి మల్లీ నడిత్తే ఒక్కపాలి ఎల్లాలే. ఆ పిల్ల షాపులో కూకుని ఒక మోటారు చుట్టాలనుంది."