పెదవి మానని ఎండాకాలం

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కాపురానికి వచ్చిన రెండో ఏడు అది. ఇంట్లో ముగ్గురమే. మా ఆయన పొద్దున్నే కొట్టు తెరవడానికి పోతే మళ్ళీ దీపాల వేళకే రాక. పగలంతా నేనూ, మా అత్తా. ఆమెకు చెవులు వినపడవు. చిన్నప్పుడు ఏదో పెద్ద జ్వరంలో పోయాయట. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట తెలుసుకునేది. కొత్తలో నాకు వింతగా ఉండేది. తర్వాత గొంతు ఎత్తకుండా, ఉత్త పెదవులతోనే ఆమెతో మాట్లాడడం అలవాటైంది. వీధిన పోయేవాళ్ళకు మా ఇంట్లో మనుషులే లేరనిపించేది.

శివరాత్రి వెళ్ళాక నాకు జ్వరం తగిలింది. అది పోతూ పోతూ కింది పెదవి మూలన నీటి పొక్కులు లేపింది. మజ్జిగకు వచ్చిన పక్కింటామె నా మొహం చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"అది అంటుకుంటాది పిల్లా. నీ గ్లాసు వేరే పెట్టుకో. ముసలామెకి తగిలితే తట్టుకోలేదు."

నాకు భయం పట్టుకుంది. గ్లాసు వేరు చేశాను, తువ్వాలు వేరు చేశాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగాను. అలా చేస్తే అత్తకు నా మాట అందదన్న సంగతి తట్టలేదు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకనాడు వచ్చి నా కొంగు లాగేసింది.

"నోరు దాచిపెట్టుకుంటే ఈ కొంపలో నాకెవురుండారు? అంటుకుంటే అంటుకోనీ!"

ఆ రోజు నుంచి వైద్యం ఆమే చేసింది. వెల్లుల్లి, సున్నం కలిపి నూరి, పొద్దున్నే తన వేలితో పూసేది. పొక్కులు చితికి పక్కు కట్టాయి. పక్కు రాలిపోయింది. పుండు మానింది గానీ మంట మానలేదు. పెదవి ఎండి పొట్టు లేచేది, చిమచిమలాడేది. నాకు తెలియకుండానే రెండు పెదవులూ కలిపి నొక్కుకునేదాన్ని, నాలుకతో తడుపుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వసారాలో ఎదురెదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. కొండ వైపు నుంచి వడగాలి కొడుతోంది. వీధిలో అలికిడి లేదు. అత్త తలెత్తి నా వైపు చూసింది.

"బావిలోనా? బావిలో ఏముండాది?"

నేను ఏమీ అనలేదు. ఆ మాటే చెప్పాను.

"ఇప్పుడంటివే!" అని లేచి పెరట్లోకి పోయింది. బావి గట్టు మీద చేతులు ఆనించి చాలాసేపు లోపలికి చూసి వచ్చింది.

మరునాడు "నన్ను పొమ్మంటావేంది?" అంది. ఇంకోనాడు అన్నం తింటూ తింటూ ఆగి "ఊ, ఊ, తెలస్తా ఉండాది" అని నవ్వింది. రానురాను మధ్యాహ్నానికి మళ్ళీ మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చునేది. నా కళ్ళలోకి చూడడం మానేసింది. చూపంతా ఆ పెదవి మూల మీదే. బదులిచ్చే గొంతు కూడా మారింది. గారాలు పోయే చిన్నపిల్ల గొంతు.

ఉండబట్టలేక అడిగాను. "ఎవరితో మాట్లాడతా ఉండావత్తా?"

"మా అమ్మతో" అంది, అందులో అడగడానికి ఏముందన్నట్టు. "నాకు చెవులు పోయిన ఏడే ఆమె పోయింది. పోయేముందర నన్ను దగ్గరికి తీసుకోని ఏందో చెప్పింది. పెదాలు ఆడినాయి. చూసి తెలుసుకోను అప్పటికి నాకు రాదు. ఇన్నేళ్ళకి మళ్ళా చెప్తా ఉండాది."

సున్నం గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఇంకా కొన్నాళ్ళు ఉండనీ పిల్లా. సగమే చెప్పింది."

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన తల్లి వైపు చూశాడు, నా పెదవి వైపు చూశాడు. "పొద్దున బస్సుకి పోదాం" అన్నాడు.

ఆత్మకూరులో డాక్టరు ముందుగా ఏం పూస్తున్నానని అడిగాడు. చెప్తే తల పట్టుకున్నాడు.

"పుండు ఎప్పుడో మానింది. ఇదంతా సున్నం మంట. అది ఆపి వెన్న రాసుకో. నాలుక తగలనీయొద్దు."

"ఇంట్లోవాళ్ళకి అంటుకుంటాదా?"

"నీటి పొక్కులుండేటప్పుడే ఎక్కువ భయం. ఇప్పుడు లేదు. కానీ అది ఒంట్లోనే దాక్కోని ఉంటాది. మళ్ళా జ్వరమొస్తే మళ్ళా లేస్తాది."

పెదవి మానేదాకా ఆత్మకూరులో పుట్టింట్లోనే ఉండిపోయాను. అక్కడ అద్దం ముందు నిలబడి, మాట అనకుండా పెదవులు కలిపి విడదీసి చూశాను. అమ్మ. బావి. పో. కావాలనుకుంటే ఆ మాటలన్నీ కనపడుతున్నాయి. మనసు కుదుటపడాలి గదా, పడలేదు. అంతసేపూ అద్దంలో ఉన్నది నా నోరేనా అనిపిస్తూనే ఉంది.

పెదవి నున్నబడ్డాక తిరిగి వచ్చాను. అత్త వాకిట్లోనే ఉంది. ఆమె కింది పెదవి మూలన నీటి పొక్కులు. నా నుంచే అంటిందో, ఆమె ఒంట్లో ఎప్పటినుంచో ఉన్నదే లేచిందో నాకు తెలియదు. ఈసారి నేను ఆమె గ్లాసు వేరు చేశాను. గుడ్డ పేలికతో వెన్న అద్దాను. ఎదురు చెప్పలేదు. త్వరగానే మానింది. తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కానీ ఆ పొక్కులు ఎండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వసారాలోకి వచ్చి చూశాను. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళు పెదవుల మీద ఉంచుకుని కూర్చుని ఉంది. వేళ్ళ కింద పెదవులు కదులుతున్నాయి. ఆమె మొహం నిండా శ్రద్ధ.

"ఏమంటా ఉండాది అత్తా?" అన్నాను.

కళ్ళు మూసుకున్న మనిషికి నా మాట ఎలా అందుతుంది? అలికిడి కాకుండా పక్కన కూర్చున్నాను.