తాత ఇచ్చిన బెంచీలు

మా బావ విరిగిన కుర్చీలకు కాళ్లు అతికిస్తూ మొదలుపెట్టి, చివరికి పదిమంది వడ్రంగులు పనిచేసే కుర్చీల దుకాణం పెట్టాడు. కాస్త కుదురుకోగానే ఆసుపత్రికీ, లైబ్రరీకీ, బస్టాపులకూ నలభై బెంచీలు ఉచితంగా చేయించి ఇచ్చాడు. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ప్రతి బెంచీ మీదా 'దాత' అని రాయించి, కింద తన బొమ్మ వేయించుకోవాలన్న యావ ఒకటి పట్టుకుంది.

పెయింటర్‌ని కుదిర్చిన పాపం నాది. ఆ మహానుభావుడు ఒక్క బెంచీ కూడా వదలకుండా 'తాత' అని రాశాడు.

అప్పటికి బావకు ముప్పై ఎనిమిదేళ్లు. బట్టతల మాత్రం ముందే వచ్చేసింది.

"ఒక్క అక్షరమే కదండీ," అన్నాడు పెయింటర్.

"ఆ ఒక్క అక్షరానికే నా వయసు ముప్పై ఏళ్లు పెరిగిందయ్యా!" అని బావ లబలబలాడాడు.

చెరిపించేలోపే ఊరంతా చదివేసింది. అరవై దాటిన మందుల షాపాయన కూడా "ఏం తాతా, బాగున్నావా?" అనేవాడు. బావ పళ్లు నూరుతూనే మరో ఇరవై బెంచీలు ఇచ్చాడు. ఈసారి ఏమీ రాయించలేదు. అయినా జనం వాటినీ తాత బెంచీలనే అన్నారు.

ఇరవై ఏళ్లకు నిజంగానే మనవరాలు పుట్టింది. దానికి మాటలు వస్తున్న రోజుల్లో బావ ఒళ్లో కూర్చోబెట్టుకుని, "తాత అనమ్మా, తాత," అని బతిమాలాడు. పిల్లకు నోరు తిరగలేదు.

"దాత!" అంది.

బావ గిర్రున నావైపు తిరిగాడు.

"ఆ రోజు పెయింటర్‌గా దీన్ని కుదర్చాల్సిందిరా నువ్వు!"