బావ కారుకు సామాన్ల పెట్టె

ఆ రోజుల్లో మంగళవారం, శుక్రవారం వచ్చాయంటే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఉదయం ఆరున్నరకల్లా తిరువళ్లూరు స్టేషన్లో తిరుత్తణి రైలు పట్టుకోవాలి. తిరుత్తణిలో అక్కావాళ్ల ఇంటికి పోయి, మా బావను ఆయన కార్లోనే ఎక్కించుకుని, వచ్చిన దారినే తిరువళ్లూరు తీసుకొచ్చి, పది గంటలకు ఫిజియోథెరపీ చేయించాలి. తిరిగి ఆయన్ని ఇంట్లో దింపి, మళ్లీ రైలెక్కి, మూడింటికల్లా పట్టాభిరామ్ చేరాలి. అక్కడ ఒక చిన్న ఫ్యాక్టరీలో నాకు రెండో షిఫ్టు. వీటిలో ఏ ఒక్కటి అరగంట ఆలస్యమైనా మిగిలినవన్నీ తప్పిపోతాయి. మా ఇల్లు మణవాళనగర్‌లో, ఆ ఫిజియోథెరపీ క్లినిక్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అయినా రోజుకు నాలుగుసార్లు ఆ ఇంటిని దాటుకుంటూ తిరిగేవాణ్ని.

బావకు పక్షవాతం వచ్చి అప్పటికి మూడు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయి, ఒక్కొక్క ముక్కగా తిరిగి వస్తోంది. మనసులో అనుకున్నది నోటికి వచ్చేసరికి ఒకే ఒక పదం మిగిలేది. ఆ పదాన్ని పట్టుకుని మిగతాది మేం ఊహించుకోవాలి.

ఆయన ఆటో ఎక్కనన్నాడు. టాక్సీ పిలిస్తే గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు. తన కారైతేనే వస్తానని చేత్తో చూపించాడు. అది నాకంటే రెండేళ్లు చిన్నది. బూడిద రంగు, గుండ్రటి హెడ్‌లైట్లు, ముందు పొడవాటి ఒకటే సీటు, స్టీరింగ్ పక్కన గేరు. ముప్పై ఏళ్లలో దాన్ని బావ తప్ప ఇంకొకరు నడపగా నేను చూడలేదు. ఆ తాళాలు నా చేతిలో పెట్టేటప్పుడు అక్క నా ముఖం చూడలేకపోయింది.

"నీకు నడిపేది వస్తాది గదరా?" అంది.

"నడిపేది వస్తాదిక్కా. నిలిచిపోతే ఏం జేసేదో తెల్దు," అన్నాను.

మే నెలలో, నాలుగో ప్రయాణంలో అది నిలిచిపోయింది. క్లినిక్ నుంచి తిరిగి వస్తున్నాం. కనకమ్మసత్రం ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. తాళం తిప్పితే తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. పన్నెండున్నర ఎండ. చుట్టూ చెట్టు కూడా లేదు. బానెట్ ఎత్తి చూశాను. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా యంత్రాల మధ్య పనిచేస్తున్నవాణ్నే, కానీ అందులో ఏది ఏమిటో నాకు తెలియలేదు.

లోపలినుంచి బావ, "గుడ్డ," అన్నాడు.

చెమట పట్టిందేమోనని వెళ్లి జేబురుమాలు ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపి, "గుడ్డ... గుడ్డ," అన్నాడు. మూతి పక్కన ఉమ్మి కారుతోంది. అదేమోననుకుని నేనే తుడవబోయాను. బావ ఎడం చేత్తో నా చెయ్యి తోసేశాడు. రుమాలు లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. అంతటితో ముఖం అటు తిప్పుకుని మాట్లాడటం మానేశాడు.

అరగంట తర్వాత ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, బానెట్ కింద ఒకచోట చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"పెట్రోలు పంపు కాలిపోతా ఉండాది అన్నా. పెట్రోలు ఆవిరైపోతే యాడ ఎక్కుతాది? గుడ్డుంటే తడిపి దాని మింద చుట్టు. చల్లారినాక స్టార్టు చెయ్యి, పోతాది," అన్నాడు.

నేను వెళ్లి రోడ్డు పక్కన పడి ఉన్న రుమాలు తెచ్చుకున్నాను. బావ తాగే నీళ్ల సీసాతో తడిపి పంపుకు చుట్టాను. పది నిమిషాలకు ఇంజను అందుకుంది. ఇల్లు చేరేదాకా బావ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు షిఫ్టుకు గంటన్నర ఆలస్యంగా వెళ్లాను. మిషను ముందు నిలబడ్డా అదే ఆలోచన. ఆ మనిషికి అంతా తెలుసు. రోడ్డు మీద ఏం చేయాలో, ఏం కావాలో మొదటి నిమిషంలోనే చెప్పాడు. నేను ఆయన మూతి తుడవబోయాను.

ఆ ఆదివారం పొద్దున్నే తిరుత్తణి వెళ్లాను. రేకుల షెడ్డులో కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి బావను కూర్చోబెట్టాను.

"దోవలో నిలిచిపోతే ఏమేమి కావల్లో నువ్వు చూపించు బావా. నేను పెట్టెలో సర్దతా," అన్నాను.

 ఆయన పక్కనే పడి ఉన్న కర్ర అందుకుని, దాంతో గోడ వారన ఉన్న ఇనప్పెట్టెను తట్టాడు.

నేను ఫ్యాక్టరీ నుంచి నా స్పానర్ల సెట్టు తెచ్చుకున్నాను. మంచివి, కొత్తవి. వాటిలో ఒకటి తీసి ఇంజను బోల్టుకు పెడితే వదులుగా తిరిగింది. దాని కింది సైజు అసలు ఎక్కలేదు. బావ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని చూస్తే నవ్వుతున్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

"ఇంచీ," అన్నాడు. "ఇది... ఇంచీ."

ఆ కారు బోల్టులన్నీ అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ల స్పానర్లు వాటికి పనికిరావు. ఇనప్పెట్టెలో నూనె గుడ్డలో చుట్టి పెట్టిన ఆయన పాత సెట్టు దొరికింది. నా సెట్టు సంచిలోకి తిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆయన నాచేత రెండుసార్లు చక్రం విప్పించాడు. జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక ఉండాలని, మట్టిలో జాకీ దిగబడుతుందని, కర్రతో నేల మీద పొడిచి చూపించాడు. వెనక చక్రానికి అడ్డంగా పెట్టే ఇటుక కూడా పెట్టెలో వేయించాడు. ప్లగ్గు విప్పే స్పానరు, ప్లగ్గుకు కరెంటు పంపే పాయింట్లు మసిపడితే గీరడానికి ఉప్పుకాగితం, కరెంటు టేపు, ఇనప తీగ చుట్ట, కారును కట్టి లాగగలిగేంత లావు తాడు. ఒక్కొక్కదానికి ఆయన నోరు తెరిచి, ఆగి, వెతుక్కుని, ఒక మాట తెచ్చేవాడు. నేను తొందరపడి రెండు మూడు మాటలు అందిస్తే విసుక్కునేవాడు. చివరికి అక్క వంటింట్లోంచి వచ్చి, "నువ్వు నోరు మూసుకోని ఉండు తమ్ముడా, ఆయన చెప్తాడు," అంది. అన్నిటికంటే పైన, రెండు పాత పంచెల ముక్కలు, ఐదు లీటర్ల నీళ్ల క్యాను పెట్టాను. బావ వాటిని చూశాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు నిలకడ లేకపోయింది. షిఫ్టులో ఉండగా ఇంకేం పాడవగలదా అని ఆలోచన. రేడియేటరు గొట్టం పగిలితే? ఫ్యూజు పోతే? సాయంత్రం టీ విరామంలో చీటీ మీద రాసుకుని, మర్నాడు తిరువళ్లూరు బజారులో కొనేవాణ్ని. గొట్టం, క్లిప్పులు, ఫ్యూజులు, బల్బులు, రెండో టార్చి, రెండో నీళ్ల క్యాను. నెల తిరిగేసరికి డిక్కీ మూత పడటం కష్టమైంది.

"ఆయన వాకర్ పెట్టేదానికి చోటు యాడుండాదిరా?" అంది అక్క ఒక మంగళవారం. వాకర్‌ను బావ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఫ్యాన్ బెల్టు కూడా అలా కొన్నదే. కారు పేరు చెబితే కొట్టతను ఇచ్చాడు. తెచ్చి బావకు చూపించాను. ఆయన షెడ్డు గోడకు మేకు మీద వేలాడుతున్న పాత బెల్టు వైపు చెయ్యి చాపి, "పాతది... పాతది," అన్నాడు.

"పాతది ఎందుకు బావా, కొత్తదే తెచ్చినా గదా," అన్నాను. రైలుకు టైమైపోతోంది. బావ మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి నాకు అర్థం కాకపోవడం కాదు. ఆగి వినలేదు, అంతే.

జులైలో, మళ్లీ తిరుగు ప్రయాణంలోనే, కనకమ్మసత్రం దాటగానే స్టీరింగ్ వెనక ఎర్ర లైటు వెలిగింది. నేను చూసేలోపే బావ, "బెల్టు," అన్నాడు. ఎక్కడా తడబడలేదు.

పక్కకు తీసి ఆపాను. బెల్టు తెగి రెండు ముక్కలై కింది రేకు మీద పడి ఉంది. నాకు లోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది, కొత్తది ఉంది కదా అని. డైనమో బోల్టు వదులు చేసి, లోపలికి నొక్కి, బెల్టు ఎక్కించబోయాను. ఎక్కలేదు. పొట్టిదైంది. స్క్రూడ్రైవరు పెట్టి లాగాను. వేలు తెగింది. ఇరవై నిమిషాలు గుంజాక బావ కిటికీలోంచి, "చాలు," అన్నాడు.

తర్వాత తెలిసింది, ఎప్పుడో ఆయన ఆ ఇంజనుకు బెల్టు తిరిగే పుల్లీని మార్చి పెద్దది వేయించాడట. మామూలు సైజు దానికి సరిపోదు. పాతది తీసుకెళ్లి కొలత చూపించి కొనమనే ఆ రోజు ఆయన చెప్పబోయింది. ఆ పాత బెల్టు ఇంకా షెడ్డు గోడకే ఉంది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే అరక్కోణంలో ఉన్నానన్నాడు. సాయంత్రందాకా రాలేడు. ఒంటిగంట అయింది. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. బావ పిలిచాడు. చూపుడు వేలు ముందుకు చూపి, "పో... కొంచెం. ఆపు. మళ్ల... కొంచెం," అన్నాడు.

ఫ్యాను, నీళ్ల పంపు తిరగకపోయినా ఇంజను కొంతదూరం నడుస్తుంది. వేడి చూపించే ముల్లు పైకి వచ్చినప్పుడల్లా ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ నడపాలి. పదమూడు కిలోమీటర్లు అలా వెళ్లాం. రెండు కిలోమీటర్లు పోవడం, ఇరవై నిమిషాలు ఆగడం. మొదటి రెండుసార్లు నేను దిగి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానని చెప్పాను. మూడోసారి ఒక చింతచెట్టు కింద ఆపి, ఇక చేసేదేమీ లేక, ఆయన పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి నేనే అడిగాను. "ఏం బావా, ఆటోలో ఐతే ఈ బాధలన్నీ ఉండవు గదా. ఎందుకు వద్దంటావు?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ చాలాసేపు మాటలు పోగుచేసుకున్నాడు. నేను ఈసారి ఏదీ అందించలేదు.

"ఆటోలో... నన్ను... ఎత్తి పెడతారు," అన్నాడు.  "దీంట్లో... నేనే... ఎక్కతా."

అప్పుడు గమనించాను. ఆ పొడవాటి సీటు సరిగ్గా ఆయన మోకాలి ఎత్తున ఉంటుంది. మొదట వీపు తిప్పి కూర్చుంటాడు. తర్వాత ఎడం చేత్తో కుడి కాలు పట్టుకుని లోపలికి తెచ్చుకుంటాడు. మూడు నెలలుగా నేను డోరు పట్టుకుని, టైము చూసుకుంటూ నిలబడేవాణ్ని. ఎవరూ సాయం చేయకుండా ఆయన ఆ ఒక్కటి చేసుకుంటున్నాడని నాకు తట్టలేదు.

"బెల్టు సంగతి నేను వినలేదు బావా. తప్పు నాదే," అన్నాను.

"ఊ," అన్నాడు. తర్వాత ఇంజను వైపు గడ్డం ఎత్తి చూపాడు. "చల్లారింది. పో."

ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటింది. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. బావ కారు దిగి, వాకర్ పట్టుకుని, ఆమె ముందు ఆగి, ఒక్కో మాటే చెప్పుకుంటూ జరిగిందంతా తానే చెప్పాడు. నా వేలు తెగిన సంగతి కూడా. అంత పొడుగు మాట ఆయన నోట విని అక్క పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం పాత బెల్టు మెడలో వేసుకుని కార్లో కూర్చున్నాడు. బజారులో కొట్టు ముందు ఆపితే తానే దిగి, లోపలికి నడిచి, దాన్ని బల్ల మీద పెట్టాడు. కొట్టతను అరవంలో ఏ కారుకని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. బావ చెప్పాడు. ఆలస్యంగా చెప్పాడు, కానీ కారు పేరు, పుల్లీ మార్చిన సంగతి, అన్నీ అరవంలోనే చెప్పాడు. ఇంటికి తిరిగొచ్చాక డిక్కీలో నేను కొన్న వాటిలో సగం తీయించేశాడు.

ఏడాదిన్నర అలా నడిచింది. కుడి కాలు చాలామటుకు వచ్చింది. చెయ్యి రాలేదు. వాకర్ పోయి కర్ర వచ్చింది. వారానికి రెండు రోజులు ఒక రోజయ్యాయి. ఒక గురువారం అక్క ఫోన్ చేసి, "రేపు నువ్వు రావద్దులే. మీ బావ రైల్లో వస్తాడంట, నేను కూడా వస్తా," అంది.

శుక్రవారం పొద్దున నాకు చేయడానికి ఏమీ లేదు. కాఫీ తాగాను. పేపరు తెరిచి మూసేశాను. ఎనిమిదిన్నరకు చొక్కా వేసుకుని స్టేషన్‌కు నడిచాను.

తిరుత్తణి రైలు వచ్చి ఆగింది. దిగేవాళ్లంతా దిగాక, అందరికంటే చివర బావ తలుపు దగ్గరికి వచ్చాడు. అక్క వెనక ఉంది, కానీ ఆయన్ని పట్టుకోలేదు. ఎడం చేత్తో కడ్డీ పట్టుకుని ఒక్కో కాలే దించాడు. ప్లాట్‌ఫాం మీద నిలబడి, కర్ర సరిచేసుకుని, అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు. "పోయి పండుకో. షిఫ్టుండాది గదా."

సరే బావా అన్నాను. వాళ్లిద్దరూ మెట్ల వైపు కదిలారు. నేను ఇంటికి పోలేదు. క్లినిక్ గేటుదాకా, వాళ్లకు పది అడుగుల వెనకగా నడిచాను. బావ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.