అత్త చెయ్యి ఆగినచోటు

మా కోడలు ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. మొన్న మధ్యాహ్నం వనపర్తిలో, మా ఇంటి వసారాలో నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని ‘ఎడ్జ్‌డ్’ అనే ఇంగ్లీషు మాటను పైకి వల్లెవేసింది. పదునున్న కత్తికీ అదే మాటట, అంచున్న బట్టకూ అదేనట, గొంతులో భయం తొంగిచూసినా అదేనట. ఒక్క మాటతో మూడు పనులు కానిచ్చుకునే ఇంగ్లీషువాళ్ళ పొదుపుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చేతిలో కాయ వదిలేశాను. ఆ మూడూ నాకు ఒకేరోజు ఎదురయ్యాయి, గద్వాలలో మా మేనమామ ఇంట్లో.

మామా అత్తా ఒకే గుంట మగ్గం మీద నేసేవాళ్ళు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. నేస్తూనే ఆ రెంటినీ పోగుకు పోగు మెలివేసి కలపాలి. ఎడమ అంచు మామది, కుడి అంచు అత్తది. అత్తది ఎడమచేతి వాటం కావడంతో, అందరూ కుడికి వేసే మెలిక ఆమె చేతిలో ఎడమకు వాలేది. షావుకారు గొణిగినా, మామ వెక్కిరించినా ఆమె మార్చుకోలేదు. “నా చెయ్యి గిట్లనే తిరుగుతది, నచ్చకుంటే ఇంకోదాన్ని తెచ్చుకో” అనేది. జీవితమంతా పట్టంచులు నేసిన ఆ మనిషి పెట్టెలో పట్టంచు చీర ఒక్కటీ లేదు. చివరికి మామకే సిగ్గేసి, ఆమె కట్టుకోవడానికని పచ్చటి ఒళ్ళు, మామిడిపండు రంగు అంచుతో ఒక చీర మగ్గానికి ఎక్కించాడు. సగం కాకుండానే అత్త జ్వరంతో పోయింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. నేసే మనిషి మధ్యలో పోతే, చెయ్యి ఆగినచోట అంచుకు ఎర్రపోగు కడతారు. మిగతాది ఇంకొకరు నేసి దింపాక ఆ పోగు దగ్గర కోసి, పోయినవాళ్ళు నేసిన ముక్కను దాచుకుంటారు. మామ పోగు కట్టి, అత్త చోట కూర్చోవడానికి నన్ను పిలిపించాడు. పెళ్ళికి ముందు ఆ మగ్గం మీదే నేత నేర్చుకున్నదాన్ని. మగ్గమెక్కగానే లేచిన పోగులన్నీ చాకుతో తీసేయాలని అలవాటు చేసింది అత్తే. ఆ ఊపులో మొదటిరోజే ఎర్రపోగునూ కోసేశాను! తెగిన పోగు ఒళ్ళో పడింది. మామకు చెప్పే ధైర్యం లేకపోయింది. నా మెలిక కుడికి వాలుతుంది కదా, మారినచోటు తెలిసిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నేసిన బట్ట ఎప్పటికప్పుడు ముందున్న దోనె కర్రకు చుట్టుకుపోయేది, మెలిక ఎటు వాలిందో దింపి పరిస్తేనే తెలిసేది.

పన్నెండు రోజులు నేశాం. “జర గట్టిగ గుంజు” అనేవాడు మామ. నేను లాగకముందే పోగు బిగిసేది. “ఆఁ, గట్ల” అనేవాడు, నా వైపు చూడకుండా. నట్టెండలో కూడా గుంటలో నా కుడికాలి పక్కన చల్లగా ఉండేది. చెమ్మ అనుకున్నాను, అనుకోవాలి కనుక.

చీర దింపి వాకిట్లో మంచం మీద పరిచాం. మామ చాకు తీసుకుని, “పోగేది బిడ్డా?” అన్నాడు. నా తప్పు చెప్పాను. గొంతు వణికింది. “అత్త మెలిక ఎడమకు, నాది కుడికి మామా. మారినకాడ కోద్దాం.” ఇద్దరం అంచు మీదికి వంగాం. నా వేలు పక్కనే చాకుమొన కదులుతూ వచ్చింది. ఎడమకు, ఎడమకు, ఎడమకు. ఆ పొద్దున నేను నేసిన చివరి జానెడు కూడా ఎడమకే వాలి ఉంది. నా చేతిని నేనే ఎవరిదోలా చూసుకున్నాను.

“నేను నేసింది యాడ పోయిందో తెల్వదు మామా” అన్నాను.

మామ చాకు మడిచాడు. “ఆమె ఆపనే లేదు. యాడ కోస్తం?” అన్నాడు. తిట్టలేదు. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

మామా పోయాక ఆ చీర నా పెట్టెలోకి వచ్చింది. కట్టుకోవడానికి మనసు రాలేదు, కొంత భయం కూడా. మొన్న కోడలు చదువుకుంటుంటే తీసి, అంచు వెంట మళ్ళీ వేలు నడిపాను. అత్త పోయిన రోజు నాకు బాగా గుర్తుంది, కానీ ఇన్నేళ్ళయినా ఆమె ఆగినచోటు మాత్రం దొరకలేదు.