చెడిపోయిన ఇయర్‌ఫోన్ ఉందా?

బసన్న సారు మనిషిని చూడగానే బాగున్నావా అని అడగడు. "చెడిపోయిన ఇయర్‌ఫోన్ ఏమన్నా ఉందా?" అని అడుగుతాడు. పెళ్ళిలో అక్షింతలు వేసి పెళ్ళికొడుకునే అడిగాడు. కాలు విరిగి మంచంలో ఉన్న మనిషిని పరామర్శించడానికి పోయి, కాలు సంగతి మరిచి, దిండు పక్కనున్న ఫోన్ వైపు చూస్తూ అడిగాడు. ఒకసారి మంత్రాలయం బస్సులో పక్క సీటు ఆసామి పాటలు వింటుంటే దారి పొడుగునా అతని చెవినే చూస్తూ కూర్చుని, దిగేటప్పుడు "చెడిపోతే పారేయొద్దప్పా, నాకు ఫోన్ చెయ్యి" అని నంబరు ఇచ్చి వచ్చాడు. ఆ ఆసామి నంబరు రాసుకున్నాడు గానీ, మిగతా దారంతా ఇయర్‌ఫోన్ జేబులోనే పెట్టుకున్నాడు.

ఆయనకు మిద్దె మీది గది అద్దెకిచ్చిన హజరా బీకి ఈ అలవాటు మీద మొదటినుంచీ అనుమానమే. నిజానికి ఆమె అనుమానించనిది ఏదీ లేదు. కొళాయి నీళ్ళు వేళకు రాకపోతే అనుమానం, వేళకు వస్తే ఇంకా అనుమానం. పాలు చిక్కగా ఉంటే పాలవాడు ఏం కలిపాడో అనుకుంటుంది. కానీ అవన్నీ చిల్లర అనుమానాలు. బసన్న సారు వచ్చాకే ఆమె బుర్రకు నిండుగా పని దొరికింది.

గది చూడడానికి వచ్చిన రోజే అది మొదలైంది. ఇల్లు ఆదోని కొండ వాలులో ఉంది. అద్దెకొచ్చేవాళ్ళు నీళ్ళెట్లా, కోతుల బెడద ఉందా అని అడుగుతారు. ఈయన గది తలుపైనా తెరవకుండా నేరుగా మిద్దె అంచుకు పోయి నిలబడ్డాడు.

"ఎమ్మిగనూరు ఏ దిక్కమ్మా?"

హజరా బీ చూపించింది. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అది మీ ఊరా సారూ?"

"ఆ. చేనేత సంఘంలో గుమాస్తా పని చేసి రిటైరైనా."

"ఊరి మీద అంత పానం పెట్టుకున్నోళ్ళు ఆడే ఉండకూడదా?"

"ఆడ కొండ లేదు గదమ్మా."

కొండ కోసం ఇల్లు మారే మనిషిని హజరా బీ అంతవరకూ చూడలేదు. అయినా గది నెలల తరబడి ఖాళీగా ఉంది కాబట్టి తాళంచెవి ఇచ్చింది. కానీ ఆ రోజు సాయంత్రం ఎదురింటి మల్లేశ్వరితో, "మనిషి నిదానస్తుడే. అదే నాకు అనుమానం" అంది.

సామాను దిగింది. మంచం లేదు. ఒక పొడుగాటి వెదురు గడ, దానికి కట్టిన అల్యూమినియం కడ్డీలు, పోలీసులు చేతిలో పట్టుకునేలాంటి రేడియోలు కొన్ని, లోపల ఏమున్నాయో చెప్పకుండా ఆయనే పైకి మోసుకుపోయిన ఒక రేకు డబ్బా. హజరా బీ వెనకే ఎక్కింది.

"ఇవేంది సారూ?"

"హామ్ రేడియోలమ్మా. సర్కారు లైసెన్సు ఉంది. చూపించమంటావా?"

"పాటలొస్తాయా?"

"రావు."

"వార్తలు?"

"రావు."

"మరి ఏమొస్తాది?"

ఆయన సంతోషంగా ఒక మీట నొక్కాడు. రేకును బండ మీద ఈడ్చినట్టు "బర్ర్ర్" అని చప్పుడొచ్చి ఆగిపోయింది. హజరా బీ రెండు మెట్లు దిగింది.

"భయపడొద్దు. ఈ చప్పుడులో అక్షరాలుంటాయి. మనం రాసింది ఫోన్ చప్పుడుగా మారుస్తాది. రేడియో దాన్ని గాల్లో పంపిస్తాది. అవతలి రేడియో విని వాళ్ళ ఫోనుకు చెప్తే మళ్ళా అక్షరాలైతాయి. టవరు అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు. ఎంత ఎత్తు మీదుంటే అంత దూరం పోతాది, అందుకే కొండ. ఫోనుకూ రేడియోకూ మధ్యన ఒక వైరుంటే సాలు. ఆ వైరే నేను చేసేది."

"బజార్లో దొరకదా వైరు?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. బసన్న సారు ముఖం మారిపోయింది. గొంతు తగ్గించి, "కొన్న వైరు లోపల ఏముందో నీకు తెలుసునా హజరమ్మా?" అన్నాడు.

తెలియదని ఆమె ఒప్పుకుంది.

"ఎవురికీ తెలీదు. అదే గదా."

ఇంకొకరు చేసిన వైరును ఆయన నమ్మడు. కొత్త టేబుల్ ఫ్యాను తెచ్చుకుని, గాలి పెట్టుకునే ముందు దాని వైరు చీల్చి చూసి, మళ్ళీ తానే అతికి, అప్పుడు స్విచ్చి వేశాడు. ఫోన్ చార్జర్లన్నింటికీ మెడ దగ్గర ఆయన చుట్టిన నల్ల టేపు ఉంటుంది. పాలను నమ్మని మనిషి కింద, వైరును నమ్మని మనిషి పైన. ఆ ఇంట్లో నమ్మకమనేది మెట్ల మీద కూడా ఉండేది కాదు.

తర్వాత పొగ మొదలైంది.

"గురువారం గూడా కాదే, మీ ఇంట్లో లోబాన్ ఏస్తాండారే వదినా?" అని మల్లేశ్వరి గోడ మీదనుంచి అడిగింది.

హజరా బీ చప్పుడు కాకుండా మెట్లెక్కింది. బసన్న సారు భూతద్దం పెట్టుకుని, ఎర్రగా కాలిన సోల్డరింగ్ కడ్డీ చేతిలో పట్టుకుని, సన్నటి పోగులేవో కాలుస్తున్నాడు. కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి, వెంట్రుకల కంటే సన్నం. పొగ నిజంగానే సాంబ్రాణి వాసన వేస్తోంది.

"ఎవురివి సారూ ఆ ఎంట్రుకలు?"

"ఎంట్రుకలు కావమ్మా, ఇయర్‌ఫోన్ లోపలి తీగలు. రంగు పూత ఉంటాది. కాల్చకపోతే అతుకు పట్టదు."

హజరా బీ కిందికి వచ్చి మొదట తన దువ్వెన ఎక్కడుందో చూసుకుంది.

ఈ అనుమానాలన్నీ ఒక ఎత్తు, సాయంత్రం పూట ఒక ఎత్తు. ఆమె ఒక్కగానొక్క కొడుకు అజ్మల్ ట్రాలీ ఆటో నడుపుతాడు. పొద్దున ఆదోనిలో గుడ్డల మూటలు ఎత్తుకుని ఎమ్మిగనూరు అంగళ్ళకు వేసి, సాయంత్రం ఏ సరుకు దొరికితే ఆ సరుకుతో తిరిగొస్తాడు. వచ్చే వేళకు ఒక లెక్క లేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు. ఎత్తినా దారిలో సగం చోట్ల మాట అందదు.

అయినా హజరా బీ ఫోన్ చేసేది కాదు. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. దారిలో ఉన్న మనిషి పేరెత్తకూడదు, ఎప్పుడొస్తాడని అనకూడదు. ఆమె భర్త పీరా సాబ్ లారీ నడిపే రోజుల్లో ఒకసారి, "ఇంగ వచ్చేస్తాండాడు" అని వీధంతా చెప్పి బిర్యానీకి దమ్ము పెట్టింది. అదే వేళకు లారీ ఉల్లిగడ్డలతో సహా కాలువలో దిగింది. పీరా సాబ్‌కు మోచెయ్యి గీసుకోవడం తప్ప ఏమీ కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ఇంట్లోనే మామూలు జ్వరంతో పోయాడు. అయినా ఆ లారీని కాలువలోకి తోసింది తన నోరేనని హజరా బీకి గట్టి నమ్మకం. అప్పటినుంచీ మనిషి గడప లోపల కాలు పెట్టనిదే ఎసరు కూడా పెట్టేది కాదు. ఎసరు పెట్టడమంటే వస్తాడని అన్నట్టే గదా. అజ్మల్ వచ్చి, అన్నం ఉడికేలోపల గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు.

ఇది తెలియక, కొత్తలో ఒక సాయంత్రం బసన్న సారు వాకిట్లో కూర్చున్న ఆమెను, "అజ్మల్ ఇంకా రాలేదా?" అని అడిగాడు. హజరా బీ లేచి నిలబడి ఆయనకు నియమం వివరించిన తీరు ఎదురింట్లోకి కూడా వినబడింది. అంతే, ఆయన ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తలేదు. కానీ సాయంత్రం దిగి రావడం మాత్రం మానలేదు. కొన్ని నెలలు పోయాక, ఒకరోజు దీపాలు పెట్టకముందే, ఒకరోజు పెట్టాక, ఒకరోజు ఇంకా పొద్దుపోయి, మెట్ల మీదనుంచి తల వంచి అడిగేవాడు.

"హజరమ్మా, చెడిపోయిన ఇయర్‌ఫోన్ ఏమన్నా ఉందా?"

"లేదు పో."

కోపమొస్తే హజరా బీ చేతులు ఊరికే ఉండవు. విసురుగా లేచి లోపలికి పోయి, గిన్నెలు ఎత్తి పెట్టి, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసేది. ఎసరు పెట్టింది కోపం కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

ఈలోగా అజ్మల్ కూడా అనుమానానికి లోటు లేకుండా చూశాడు. మిద్దె మీద బసన్న సారుతో గుసగుసలు. ఇద్దరూ వేళ్ళతో మెట్ల మీద టక్కు టక్కు అని కొట్టుకుని నవ్వుకోవడాలు. ఒకరోజు బాడుగ ఉందని చెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్రాలీ ఇంట్లోనే వదిలి హైదరాబాదు పోయాడు. ట్రాలీ లేకుండా బాడుగేమిటో హజరా బీకి అర్థం కాలేదు. కొన్నాళ్ళకు బండి నెత్తిన ఒక కడ్డీ మొలిచింది, సీటు పక్కన ఒక పెట్టె వెలిసింది.

"ఏందిరా అది?"

"పాటలకమ్మీ."

ఆ పెట్టెలోంచి ఒక్క పాట కూడా ఆమె వినలేదు. ఒకసారి మాత్రం "బర్ర్ర్" అంది.

"మీ వాణ్ణి ఏందో గూఢచారి పనిలో దింపినాడు వదినా" అని మల్లేశ్వరి తేల్చేసింది. "మొన్న టీవీలో సూపిచ్చినారు, ఇట్లే ఒక ముసలాయప్ప, ఇట్లే మిద్దె మీద గది."

హజరా బీ లెక్క వేసుకుంది. పాలల్లో నీళ్ళు కలిస్తే పాలే పోతాయి. ఇది కొడుకు సంగతి. రేపు పోలీసులొచ్చి అజ్మల్‌ను ఎక్కించుకుపోతే తాను ఎవరి కోసం వాకిట్లో కూర్చోవాలి? ఆ మధ్యాహ్నమే మిద్దె ఎక్కింది.

"సారూ, శుక్రవారం లోపల గది ఖాళీ సేయండి."

బసన్న సారు భూతద్దం తీశాడు. ఎందుకని అడగలేదు. "సరేనమ్మా" అన్నాడు. ఆమె దిగుతుంటే వెనకనుంచి, "పోయేలోపల ఒక్క మాట హజరమ్మా" అన్నాడు.

"ఏంది?"

"మీ చుట్టాలిండ్లల్ల ఎవురి కాడన్నా చెడిపోయిన ఇయర్‌ఫోన్..."

ఆమె మెట్ల తలుపు వేసేసింది.

ఆ సాయంత్రం హజరా బీ వాకిట్లో కూర్చుంది. ఎదురింట్లో దీపం పెట్టారు. మసీదులో మగ్రిబ్ నమాజు ముగిసి జనం ఇళ్ళకు పోయారు. కోతులు కూడా కొండెక్కేశాయి. ఏదో తక్కువైనట్టుంది. ఏమిటో చాలాసేపు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఎవరూ వచ్చి ఇయర్‌ఫోన్ అడగలేదు. కోపం రాలేదు. లేవలేదు. ఎసరు పెట్టలేదు.

ఖాళీ చెయ్యమన్నాను కాబట్టి అలిగాడనుకుంది. కానీ అలిగే మనిషి మధ్యాహ్నం మళ్ళీ ఇయర్‌ఫోన్ అడుగుతాడా? ఎమ్మిగనూరు దిక్కు ఆకాశం నల్లగా ఉంది. మిద్దె మీద లైటు వెలుగుతోంది, చప్పుడు మాత్రం లేదు.

ఆయన అడగని రోజు ఇంకేదన్నా ఉందా అని ఆలోచించింది. ఒకటుంది. అజ్మల్‌కు జ్వరమొచ్చి బండి తియ్యని రోజు.

ఆ ఆలోచన సగంలో ఉండగానే ఆమె లేచింది. పేరెత్తి అడగడానికి వీల్లేదు. అల్మరాలో అజ్మల్ పాత ఇయర్‌ఫోన్ ఒకటి ఎప్పటినుంచో పడి ఉంది. రోజూ లేదు పో అన్నది దాన్ని దగ్గర పెట్టుకునే. అది తీసుకుని పైకి పోయింది.

"ఇందా సారూ. చెడిపోయిందే."

బసన్న సారు రేడియో మీదికి వంగి కూర్చున్నాడు. సామానేమీ సర్దలేదు. ఫ్యాను తిరుగుతున్నా మెడ మీద చెమట ఉంది. ఆయన చెయ్యి చాపలేదు. ఆయన పక్కన మూత తీసి ఉన్న రేకు డబ్బాను హజరా బీ అప్పుడు చూసింది. అంచుల దాకా ఇయర్‌ఫోన్లు. తెల్లవి, నల్లవి, మురుకుల్లా చుట్టి చుట్టి పెట్టినవి. ఆదోనిలో పాటలు వినేవాళ్ళందరివీ అక్కడే ఉన్నాయి.

"ఇన్ని పెట్టుకోని నన్ను దినామూ యాల అడుగుతావు?"

ఆయన చెవి గోక్కున్నాడు. "పేరెత్తొద్దంటివి గదమ్మా."

హజరా బీ ఒక్కొక్కటే వరస పెట్టుకుంది. ఆయన అడగడం, తాను తిట్టడం, బియ్యం పడేయడం, అన్నం దించేసరికి వాకిట్లో ట్రాలీ చప్పుడు. ఈమధ్య కొడుకు గోడకు ఆనుకుని నిద్రపోయిన రోజే లేదు. మెల్లగా గడప మీద కూర్చుంది.

"ఈ పొద్దు యాల అడగలేదు?"

"ఇంకా చప్పుడు రాలేదమ్మా." ఆయన రేడియోనే చూస్తూ చెప్పాడు. "ఆ బండి ఊరి ముందర మిట్ట ఎక్కితే ఈడికి వినపడతాది. బండిలో రేడియోకూ ఫోనుకూ మధ్యన వైరుంది. రోడ్డు గుంతలకు అది మెడ కాడ తెగుతాండాది. అందుకే మళ్ళా మళ్ళా సేస్తాండా. ఇది దొంగపనేం కాదు. మన... ఆ బండాయన నా కాడ టక్కు టక్కుల భాష నేర్చుకోని, ఐదరాబాదుకు పోయి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. నీకు చెప్తే ఇది గూడా పేరెత్తడమే అంటావని దాచినాం."

"ఇప్పుడు వైరు తెగిందా? లేకుంటే..."

"వైరే."

"ఎట్లా సెప్తావు?"

ప్రపంచంలో తన వైరు తప్ప ఏ వైరునూ నమ్మని మనిషి అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"అది నేను చేసిన వైరు గదమ్మా. ఒట్టి నాసి వైరు. దానికి ఒక మెడా లేదు, అతుకూ లేదు. తెగక ఏమైతాది? తెగిందంటే తెగిందే."

ఆ మాట ఆయన నోట రావడానికి ఎంత కష్టమైందో ఆయన మెడ మీది చెమట చెప్పింది. హజరా బీ మొట్టమొదటిసారి ఒక మాటను అనుమానించకుండా వినాలని ప్రయత్నం చేసింది. ఇద్దరూ ఆ చిన్న రేడియోను చూస్తూ కూర్చున్నారు.

"బర్ర్ర్."

రేకును బండ మీద ఈడ్చినట్టున్న ఆ చప్పుడు ఆమెకు అప్పుడు పాటకంటే బాగుంది. బసన్న సారు ఫోన్ అందుకున్నాడు. అక్షరాలు చదివాడు. టైరు పంచరైందట, స్టెప్నీ వేసుకుని బయల్దేరాడట. ముఖం విప్పారింది, నోరు తెరిచాడు, నియమం గుర్తొచ్చి మళ్ళీ మూశాడు. వైరు మీద తాను వేసిన నింద కూడా గుర్తొచ్చినట్టుంది, గర్వంగా ఒకసారి దగ్గాడు. తర్వాత హజరా బీ చేతివైపు చూడకుండా, గోడవైపు చూస్తూ అడిగాడు.

"హజరమ్మా, చెడిపోయిన ఇయర్‌ఫోన్ ఏమన్నా ఉందా?"

హజరా బీ చేతిలో ఉన్నదాన్ని కొంగు కింద దాచుకుంది.

"లేదు పో" అని విసురుగా లేచి, కిందికి దిగి, గిన్నెలు చప్పుడయ్యేలా ఎత్తి పెట్టి, ముగ్గురికి బియ్యం పోసింది.