పాలు పొంగినా సొంతం కాని ఫ్లాటు

రామకృష్ణారావు లుసైల్‌లో ప్లానింగ్ ఇంజనీరు. జీతం మీద పన్ను అనే మాటే వినకుండా ఖతర్‌లో ఏళ్లు గడిపిన మనిషి, హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటు అమ్మబోయి పన్ను నోట్లో పడ్డాడు.

అమ్మకానికి కారణం లిఫ్టు. ఖతర్‌లో, అల్ ముంతజాలో వాళ్లుండేది మొదటి అంతస్తు కాబట్టి, భార్య వేదవతికి లిఫ్టంటే ప్రాణభయమన్న సంగతి పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనేదాకా ఎవరికీ తట్టలేదు. సెలవుకి వెళ్లినప్పుడు ఆవిడ కిందికి దిగకుండా కూరల బుట్టను తాడుతో పైకి లాగించుకుంటే, అపార్ట్‌మెంటు సంఘం నోటీసిచ్చింది. ఇప్పుడు కాకినాడలో నేల మీదున్న ఇల్లొకటి కుదిరింది. ఫ్లాటు డబ్బు పెద్దగా కోత పడకుండా చేతికొస్తేనే అది దక్కుతుంది.

కొనేవాడు దగ్గర్లోనే దొరికాడు. అదే సైట్‌లో ఫోర్‌మన్, జగిత్యాల వైపు జలంధర్. మూఢం రాకముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలన్నాడు. రావు సరేనన్నాడు. రెండేళ్లు నిండాక అమ్మితే పన్ను తక్కువని విన్నాడు, నిండాయనే అనుకున్నాడు.

శుక్రవారం రావు, వేదవతి, జలంధర్ ముగ్గురూ అల్ రయ్యాన్‌లో గురుప్రసాద్ ఇంటికెళ్లారు. ఆయన అకౌంట్స్ ఉద్యోగి, స్నేహితుల ఇండియా పన్నులు ఊరికే చూసిపెడతాడు. ఇల్లు ఎప్పుడు మీదైందని అడిగాడు. రెండేళ్ల కిందట శ్రావణంలో పాలు పొంగించామన్నాడు రావు. రిజిస్ట్రేషన్ మాత్రం బిల్డరు ఆలస్యం చేయడంతో ఆ ఏడు మార్గశిరంలో అయింది.

"అయితే మార్గశిరం దాకా ఆగాలండి," అన్నాడు గురుప్రసాద్. ఈలోగా అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలుస్తుంది, విదేశంలో ఉన్నవాళ్లు కాబట్టి కొనేవాడే ముప్పై శాతం పైచిలుకు ముందుగా కోసి కట్టాలి. ఆగితే పన్నెండున్నర శాతం చిల్లరతో పోతుంది.

వేదవతికి ఇది అన్యాయంగా తోచింది. "అన్నయ్యగారూ, పాలు పొంగాక ఇల్లు ఇంకెవరిదండీ? వీడియో ఉంది, చూపిస్తే పన్నువాళ్లు నమ్మరా?"

"నమ్ముతారమ్మా. పాలు పొంగాయని నమ్ముతారు."

ఈ ఏడు మార్గశిరమంటే మూఢం. జలంధర్ తల అడ్డంగా ఊపాడు. "మూఢంల కొంటే మా అవ్వ గడప తొక్కది సార్. నాకు ఖాందాన్ల పరువుండది."

మూఢం పోయేదాకా ఆగేందుకు కాకినాడవాళ్లు ఒప్పుకోరు. కాకినాడ ఇల్లు జారిపోతున్నట్టే ఉంది. వేదవతి జలంధర్‌ని నెమ్మదిగా అడిగింది, మీ లెక్కలో ఇల్లు ఎప్పుడు సొంతమైనట్టని.

"పాలు పొంగితే అయినట్టే గదమ్మా. రిజిస్ట్రీది ఏముంది, కాయితాల పని."

అయితే పాలు ఇప్పుడే పొంగించుకుని, కాయితాల పని మార్గశిరంలో పెట్టుకోమంది వేదవతి. ఈసారి గురుప్రసాద్ కంగారుపడ్డాడు. తాళాలిచ్చి ఇల్లప్పగిస్తే అమ్మినట్టేనని చట్టం పట్టుకుంటుందట. చాలాసేపు ఆలోచించి, అతిథులుగా వచ్చి పాలు కాచుకుంటే మాత్రం ఎవరూ కాదనలేరన్నాడు.

కార్తీకంలో జలంధర్ భార్య పుష్ప, అత్తగారితో, అంటే జలంధర్ అవ్వతో సహా అతిథిగా వెళ్లి పాలు పొంగించింది. గురుప్రసాద్ వీడియో కాల్‌లో కాపలా కాసి, తాళాలు తిరిగి పక్కింటివాళ్ల చేతికి చేరేదాకా ఫోన్ పెట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఫ్లాటుకు ఇద్దరు యజమానులు. మన ఇంట్లో నల్లా కారుతోందట సార్ అని జలంధర్ చెప్పేవాడు, రావు బాగు చేయించేవాడు. పూజ గదికి ఏ రంగు వేయాలో అవ్వ కబురు పంపితే అదీ వేయించాడు.

మార్గశిరంలో పుష్ప ఒక్కతే వెళ్లి, రావు తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న బంధువుతో రిజిస్ట్రేషన్ చేయించుకుంది. సాయంత్రానికి కాకినాడకు అడ్వాన్సు వెళ్లింది. జలంధర్ సైట్‌లో రావు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"అయిపోయింది సార్. మా అవ్వ అడిగితే, కరెంటు మీటర్ల పేరు మార్పిచ్చినమని చెప్పిన."