నర్సుబాయికి నేను చేరవేయని మాట

నా భార్య చెప్పింది ఒకటి, నర్సుబాయికి నేను చెప్పింది ఇంకొకటి. ఈ సంగతి నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగేళ్లూ మా ఇంట్లో నింద నర్సుబాయి మీదే ఉంది.

అప్పుడు మహారాష్ట్ర ఒడ్డున సిరోంచలో కలప డిపోలో గుమాస్తాను. నా భార్యది గోదావరి అవతలి ఊరు. పడవలో నది దాటి కాపురానికి వచ్చి ఏడాది దాటింది, మరాఠీ ఒక్క ముక్క రాదు. దవాఖానా నర్సుబాయిది నాగపూర్ వైపు, తెలుగు రాదు. అందుకని దవాఖానాలో పసిపిల్లలను తూచే రోజున ఇలాంటి తల్లుల తరఫున మాట్లాడేది మొగుళ్లమే.

పాపకు నెలన్నర. గుడ్డ ఉయ్యాలలో వేసి కొక్కేనికి తగిలించి తూచింది నర్సుబాయి. బరువు బాగానే ఉంది. అంతటితో పంపేయకుండా ఆమె ప్రతి తల్లినీ స్టూలు మీద కూర్చోబెట్టి అడిగేది: నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపు వస్తోందా, బిడ్డను ఎత్తుకోవాలనిపిస్తోందా అని. అవే నేను తెలుగులో అడిగాను. నా భార్య నేల చూస్తూ చెప్పింది.

"నిద్ర వస్తలేదు. పిల్ల ఏడిస్తే లేవబుద్ధయితలేదు. ఎవరి పిల్లనో తెచ్చి నా పక్కన పండవెట్టినట్టున్నది. జర ఆమెకు చెప్పు."

మా వెనక వరుసలో మా వాడకట్టు ఆడవాళ్లున్నారు. పిల్లల ఏడుపుల్లో నా భార్య గొంతు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. అదే నేను మరాఠీలో పైకి చెబితే అందరూ వింటారు. బాలింతకు గాలి సోకిందంటారు, మొగుడు చూసుకోవడం లేదంటారు. బాగానే ఉంది, కమ్మగా నిద్రపోతోంది అని చెప్పేశాను.

బయటికొచ్చాక నర్సుబాయి ఏమన్నదని నా భార్య అడిగింది. అదే తగ్గుతుందన్నదని చెప్పాను.

ఆ నెలంతా నా భార్య తల దువ్వుకోలేదు. గోడవైపు తిరిగి పాలిచ్చేది. మరుసటి నెల నర్సుబాయి ఆమె ముఖం చూసి, నన్ను బయటికి పంపి, కొత్తగా చేరిన, తెలుగు వచ్చిన ఆయాను పిలిచింది. చాలాసేపటికి నా భార్య ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, ఆకలవుతోంది, మిర్చి బజ్జీలు కొనిపెట్టమంది.

ఆ తర్వాత నర్సుబాయి వారం వారం ఆయాను వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. మా అత్తను అవతలి ఒడ్డు నుంచి పిలిపించమంది. పాపకు నీళ్లు పోసే పని నాకు అప్పజెప్పింది. వాడకట్టులో నవ్వుకున్నారు గానీ, పోస్తూ పోస్తూ నాకు ఆ పనే రోజులో ఇష్టమైన పని అయింది. ఎండాకాలం వచ్చేసరికి తల్లీబిడ్డలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు.

కానీ నా భార్య అందరితో ఒకటే అనేది, ఆ బాయి మంచిదే గానీ మొదటిసారి చెబితే చెవిన పెట్టలేదని. నేను తల ఊపేవాణ్ని.

నాలుగేళ్లకు కొడుకు పుట్టాడు. అదే దవాఖానా, అదే నర్సుబాయి. ఈలోగా నా భార్య సంతలో తిరిగి మరాఠీ నేర్చేసింది. స్టూలు మీద కూర్చుంటూనే నవ్వుతూ అంది, ఈసారైనా మొదటిసారే వినండి బాయీ, అప్పుడు చెబితే వినిపించుకోలేదు అని.

నర్సుబాయి నవ్వలేదు. మొదటిసారి నువ్వు బాగున్నావనే కదా మీ ఆయన చెప్పాడు, అంది.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఏందయ్యా, నువ్వు ఆమెకు చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. ముందు నర్సుబాయికి మరాఠీలో, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, తప్పు నాదని ఒప్పుకున్నాను. తర్వాత నా భార్య ముందు కింద కూర్చున్నాను.

"నలుగురు వింటరని భయపడ్డ. నీ మాట నేనే మింగిన. ఆ నెలంతా నువ్వు ఒక్కదానివే గోసపడ్డవు, నా వల్లనే. తప్పయింది, మాఫ్ చెయ్."